"తోబుట్టువులు: ఒకరు" అని రాసి వదిలేసే డాక్టర్లకు, అధికారులకు

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు, స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీల సభ్యులకు, పిల్లల సైకియాట్రీ ఓపీలు నడిపే డాక్టర్లందరికీ,

నమస్కారం.

ఇది ఫిర్యాదు కాదు అని మొదలుపెడితే అబద్ధమవుతుంది, కాబట్టి ఫిర్యాదే అనుకోండి. ఏ ఒక్క ఆసుపత్రి మీదా కాదు, ఏ ఒక్క డాక్టరు మీదా కాదు. మా తమ్ముణ్ణి చూసిన డాక్టర్లలో మంచివాళ్లే ఎక్కువ, వాడు ఈరోజు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం చేసుకుంటున్నాడంటే వాళ్ల చలవే, ఆ సంగతి మా ఇంట్లో ఎవరం మర్చిపోలేదు. నా పేచీ అంతా కేస్ షీట్‌లో ఒక్క గీత గురించి. పిల్లవాణ్ణి మొదటిసారి తీసుకొచ్చినప్పుడు కుటుంబ వివరాలు రాసుకుంటారు కదా, తండ్రి ఏం చేస్తాడు, తల్లి ఏం చేస్తుంది, మేనరికమా, చుట్టాల్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా, తోబుట్టువులు ఎంతమంది. మా తమ్ముడి షీట్‌లో అక్కడ "ఒకరు" అని ఉంది. ఆ ఒకరు నేను. తర్వాత ఏళ్ల తరబడి ఆ ఫైలు లావెక్కింది, మందులు మారాయి, డోసులు మారాయి, డాక్టర్లు కూడా మారారు, ఆ "ఒకరు" పక్కన మాత్రం ఇంకో ముక్క చేరలేదు.

మాది మంచిర్యాల. బాపు ఆర్టీసీలో కండక్టర్, నైట్ అవుట్ డ్యూటీలు పడితే రెండో రోజు గానీ ఇంటికి రాడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. తమ్ముడు ఏడో తరగతిలో ఉండగా చేతులు కడగడం మొదలుపెట్టాడు. మొదట్లో అందరం మెచ్చుకున్నాం, బుద్ధి వచ్చింది శుభ్రం నేర్చుకున్నాడని. తర్వాత వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి రక్తం వస్తున్నా కడుగుతూనే ఉన్నాడు. మాకు నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, మిద్దె మీద ట్యాంకు లేదు, డ్రమ్ములో పట్టుకున్న నీళ్లే. వాడు బాత్రూంలోకి వెళ్లాడంటే డ్రమ్ము అడుగు కనపడేదాకా బయటికి రాడు. అందుకని నేను చీకటుండగానే లేచి స్నానం కానిచ్చి, వంటకి ఒక బకెట్ నీళ్లు కుట్టుమిషన్ కింద బట్ట కప్పి దాచి, అప్పుడు వాణ్ణి లేపేదాన్ని. (ఈ ఉత్తరం పంపేముందు వాడికి చదివి వినిపించాను. బకెట్ సంగతి వాడికి అప్పట్లోనే తెలుసట. కావాలనే దాని జోలికి రాలేదట. ఇన్నేళ్లూ నాకు చెప్పలేదు దొంగవెధవ.)

పగలు ఎలాగో గడిచేది, రాత్రుళ్లే కష్టం. ఇద్దరం ఒకే గదిలో పడుకునేవాళ్లం. వాడి దుప్పటి అంచు నా చాపకి తగిలిందేమోనని అనుమానం. "అక్కా, తాకిందా?" అంటాడు. "తాకలే" అనాలి నేను. గొంతులో విసుగు ఉండకూడదు, నవ్వు ఉండకూడదు, తొందర అసలే ఉండకూడదు, మొదటిసారి ఎట్లా అన్నానో అట్లాగే అనాలి. కొంచెం తేడా వచ్చిందా, అబద్ధం చెప్తున్నవ్ అని లేచి వెళ్లి కాళ్లు కడుక్కుని వస్తాడు, మళ్లీ మొదటి నుంచి. తెల్లారితే నాకు పదో తరగతి ప్రీఫైనల్ ఉన్నా అంతే. కళ్లు తెరవకుండా "తాకలే" అనడం వచ్చేసింది నాకు. నిద్రలో కూడా అనేదాన్నని అమ్మ చెప్పేది.

మా ఊళ్లో చాలామందిలాగే మేమూ ముందు దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం, తర్వాత నానమ్మ మాట మీద కొండగట్టుకి తీసుకెళ్లాం. మా వైపు మనసు బాగోలేనివాళ్లని అంజన్న సన్నిధిలో మండలం పాటు ఉంచడం ఎప్పటి నుంచో ఉన్నదే. దాన్ని వెక్కిరించబుద్ధి కాదు నాకు. జబ్బు అక్కడ తగ్గలేదు, నిజమే. కానీ గుట్ట మీద ఒక పెద్దాయన మమ్మల్నందర్నీ చూసి, నన్ను చూపించి, "ఈ పిల్ల తిన్నదా?" అని అడిగాడు. ఆ తర్వాత తిరిగిన ఆసుపత్రుల్లో నా గురించి ఆ పాటి మాట అడిగినవాళ్లు లేరు.

ఆసుపత్రి అంటే మాకు హైదరాబాదే. పొద్దున్నే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లడం, టోకెన్ తీసుకుని కూర్చోవడం. సెలవు రోజైతే నన్నూ తీసుకెళ్లేవాళ్లు. లోపలికి అమ్మ, బాపు, వాడు. నేను బయట బెంచీ మీద అన్నం డబ్బా, ఎక్స్‌రే కవర్లు, అందరి చెప్పులూ చూసుకుంటూ. డాక్టర్ జబ్బు పేరు ఓసీడీ అని చెప్పారు (వద్దనుకున్నా వదలని అనుమానం, అది పోవడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయడం), మందులు ఉన్నాయి, దాంతోపాటు థెరపీ చేస్తే మెల్లగా తగ్గుతుంది, భయపడకండి అన్నారు. ఇవన్నీ అమ్మ నాకు రైల్లో చెప్పింది, సగం సగం. థెరపిస్ట్ అసలు ముఖ్యమైన మాట ఒకటి చెప్పిందట అమ్మతో, వాడు పదే పదే అడిగితే జవాబు ఇవ్వకండి, ధైర్యం చెప్తున్నాం అనుకుని మీరు చెప్పే ప్రతి జవాబూ జబ్బుకే బలం అని. అమ్మ నాకు దాన్ని ఎలా చెప్పిందంటే, "వాడేమన్న అడిగితే సప్పుడు చెయ్యకు బిడ్డా" అని.

ఇప్పుడు మీరే ఆలోచించండి. రోజుకి వాడు అందరికంటే ఎక్కువసార్లు అడిగేది నన్ను. రాత్రి తలుపు మూసిన గదిలో, అమ్మ అలసిపోయి నిద్రపోయాక, నేను జవాబు చెప్పకపోతే గోడకి తల కొట్టుకునే పిల్లాడితో ఉన్నది నేను. జవాబు ఎందుకు చెప్పకూడదో, చెప్పకపోతే ఏమవుతుందో, ఎంతసేపు ఏడుస్తాడో, ఎప్పుడు ఎవర్ని లేపాలో, ఒకేసారి మానేయాలా మెల్లమెల్లగా తగ్గించాలా, ఇవేవీ తెలియని పదిహేనేళ్ల పిల్ల ఏం చేస్తుంది? "తాకలే" అంటుంది. అంటూనే ఉంది. లోపల గదిలో ఫీజు కట్టి చేయించుకున్న థెరపీ అంతా మా ఇంట్లో రాత్రి పది తర్వాత నీళ్లపాలయ్యేది. థెరపిస్ట్ మాత్రం పిల్లవాడు సహకరించట్లేదని రాసేది.

ఓసీడీ ఉన్న పిల్లల ఇళ్లలో ఇంటిల్లిపాదీ ఆ తంతులో భాగమైపోతారని, దాన్ని తగ్గించకపోతే చికిత్స ఫలితం తగ్గుతుందని మీ పుస్తకాల్లోనే ఉంది, దానికి ఫ్యామిలీ అకామడేషన్ అని పేరు కూడా పెట్టారు. అలాంటప్పుడు ఫ్యామిలీ అంటే అమ్మానాన్నలు ఇద్దరే ఎలా అవుతారు? ఓసీడీ, అందులోనూ చిన్న వయసులో మొదలయ్యేది, రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువని కూడా మీకు తెలుసు. నాకూ తెలిసింది, ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదువుకుని. ఇంటర్ రెండేళ్లూ చేతులు కడుక్కున్న ప్రతిసారీ నాకూ మొదలవుతోందా అని భయం. తలుపు గడియ రెండోసారి చూసుకుంటే గుండె ఆగినంత పనయ్యేది. "అమ్మా, నీకేం లేదు, ఉంటే ఇలా ఉంటుంది, అప్పుడు మా దగ్గరికి రా" అని తెలిసినవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు చెప్తే తీరిపోయే టెన్షన్ అది.

మా ఇల్లు ఒక్కటే ఇలా అనుకున్నాను చాలాకాలం. పెద్దయ్యాక, మా తమ్ముడి సంగతి దాచడం మానేశాక, ఒక్కొక్కరే వచ్చి చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకమ్మాయి వాళ్ల చెల్లికి ఆటిజం, చిన్నప్పటి నుంచి వీళ్లింటికి ఏ స్నేహితురాలూ రాలేదు, రానివ్వలేదు, పుట్టినరోజు కేకు వీధిలో నిలబడి కోయించేవాళ్లట. ఒకబ్బాయి వాళ్లన్నకి పదహారో ఏట స్కిజోఫ్రీనియా, ఈ అబ్బాయిని "ఇంట్లో ఉంటే చదువు పాడవుతుంది" అని ఎనిమిదో తరగతిలోనే రెసిడెన్షియల్‌లో వేశారు. అందరూ అది వాడి మంచికే అన్నారు. వాడికి మాత్రం జబ్బు అన్నదైతే ఇంట్లోంచి తనెందుకు పోవాల్సి వచ్చిందో ఇప్పటికీ అర్థం కాలేదట.

యునిసెఫ్ 2021 నివేదిక ప్రకారం ప్రపంచంలో 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. మన దేశంలో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్లవాళ్లలో ఆ సంఖ్య 7.3 శాతం. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో చేశారు, అందులో మన రెండు రాష్ట్రాలూ లేవు, అది వేరే గొడవ. 7.3 శాతమే అనుకున్నా, ఆ పిల్లల్లో ఎంతోమందికి ఒక అన్నో చెల్లో ఉంటారు. రోగి ఒకడైతే ఆ జబ్బు మధ్యలో పెరిగే పిల్లలు ఇద్దరో ముగ్గురో.

మీరంతా చట్టం ప్రకారం నడిచేవాళ్లు కాబట్టి చట్టమే మాట్లాడతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే నుంచి అమల్లో ఉన్నది, 18వ సెక్షన్‌లో ప్రభుత్వం ఏయే సేవలు అందించాలో చెప్పింది. పిల్లలకు ప్రత్యేక మానసిక ఆరోగ్య సేవలు ఉండాలంది, సరే. దానికి పైనే, రోగి కుటుంబానికి ఆసరా ఇచ్చే సేవలు ఉండాలని కూడా ఉంది. ఇది నేను దయచేయండి అని అడుగుతున్నది కాదన్నమాట. రాసి ఉన్నదే. కుటుంబం అంటే సంతకం పెట్టే తండ్రి, మందులు వేసే తల్లి అని ఎక్కడా లేదు.

అదే చట్టం 87వ సెక్షన్ చూడండి. 18 ఏళ్లలోపు పిల్లల్ని అడ్మిట్ చేస్తే పెద్దవాళ్ల వార్డులో పెట్టకూడదు, ఉన్నన్నాళ్లూ గార్డియన్ గానీ వాళ్లు నియమించిన మనిషి గానీ పక్కనే ఉండి తీరాలి. చాలా మంచి నిబంధన, పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకూడదు మరి. మా తమ్ముణ్ణి ఒకసారి అడ్మిట్ చేసినప్పుడు అమ్మ అక్కడే ఉండిపోయింది. బాపుకి సెలవు దొరకలేదు, దొరికినా జీతం పోతుంది. అమ్మ హైదరాబాద్‌లో, బాపు బస్సులో, నేనెక్కడ? మొదట పక్కింట్లో, తర్వాత ఇంట్లోనే ఒక్కదాన్ని, లోపల గడియ వేసుకుని, అద్దెకున్న ముసలమ్మ రాత్రి తొమ్మిదింటికి కిటికీలోంచి "పడుకున్నవా?" అని కేకేసేది. అడ్మిషన్ ఫారం నింపిన ఎవరైనా మా అమ్మని "మీ ఇంకో పాప ఎవరి దగ్గరుందమ్మా?" అని అడిగి ఉంటే అమ్మ అక్కడే ఏడ్చేది, ఏదో ఒక దారి కూడా దొరికేదేమో. ఒక పిల్లవాడి దగ్గర తల్లిని ఉంచమని చెప్పే చట్టం ఉన్నప్పుడు, ఇంకో పిల్ల దగ్గర ఎవరున్నారో కనుక్కోవడం ఎవరి పని?

ఇంకోటి, ఇది రాయడానికి కొంచెం జంకుగానే ఉంది కానీ రాయక తప్పదు. పిల్లవాడు ప్రాణం తీసుకునే ఆలోచనల్లో ఉన్నాడని అనుమానం వచ్చినప్పుడు మీరు ఇంటివాళ్లకి చెప్పే మాట "ఒక కన్నేసి ఉంచండి, ఒంటరిగా వదలకండి". వైద్యపరంగా సరైన సలహానే. అయితే తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి వెళ్లే ఇంట్లో ఆ కన్ను ఎవరిది? పదమూడేళ్ల చెల్లెలిది. మాత్రల డబ్బా దాచేది తను, బాత్రూం తలుపు ఎక్కువసేపు తెరుచుకోకపోతే తట్టేది తను, రాత్రి లేచి ఊపిరి తీస్తున్నాడా అని చూసేది తను. అన్నకి ఏమన్నా అయితే తన వల్లే అని ఆ పిల్ల జీవితాంతం మోస్తుంది, ఏమీ కాకపోయినా సరిగ్గా నిద్రపోవడం మర్చిపోతుంది. మందుల పెట్టె తాళం, రాత్రి కాపలా 18 ఏళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు అని డిశ్చార్జ్ కాగితం మీద ఒక్క ముక్క ఎందుకు రాయరు? పెద్దవాళ్లు లేని వేళల్లో ఎవరుంటారు, మేనమామా, పక్కింటివాళ్లా అని తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడి అది కూడా రాయొచ్చు.

దెబ్బల సంగతి కూడా. కోపం ఆపుకోలేని జబ్బులు ఉంటాయి, ఆ కోపం డాక్టర్ ముందు రాదు, బడిలో కూడా చాలావరకు రాదు, తనకంటే చిన్నవాళ్ల మీదో, ఎదురు కొట్టరని తెలిసినవాళ్ల మీదో వస్తుంది. ఇంట్లో ఏమంటారు? "వానికి తెల్వదు కదమ్మా, నువ్వే సర్దుకో." వాడికి తెలియదన్నది నిజం, మోచేతి మీద పంటి గాటు కూడా నిజం. వాడు అమ్మానాన్నల్ని కొడుతున్నాడా అని మీరు అడగడం నేను విన్నాను. ఇంట్లో ఇంకో పిల్లని కొడుతున్నాడా అని అడగడం వినలేదు. తల్లిదండ్రుల ముందు అడిగితే ఆ పిల్ల "లేదు" అనే అంటుంది, అది కూడా మీకు తెలియాలి.

అమ్మానాన్నల్ని తప్పుపట్టడానికి ఇదంతా రాస్తున్నానని ఎవరూ అనుకోకండి. మా అమ్మ కుట్టు డబ్బులు మందుల షాపులో, బాపు పీఎఫ్ లోను ఆసుపత్రిలో ఖర్చయ్యాయి, వాళ్లకి నా వైపు తిరిగి చూసే తీరిక ఎక్కడిది? తిరిగి చూసినప్పుడల్లా ఒకటే మాట, "నువ్వు బంగారం బిడ్డా, నీతోని ఏ రంది లేదు." వినడానికి బాగుంటుంది. ఆ మాట పడ్డాక ఇంక నాకు జ్వరం రాకూడదు, మార్కులు తగ్గకూడదు, కొత్త చెప్పులు అడగకూడదు. మెడనొప్పితో నెలల పాటు తిరిగాను, ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో ఒక రోగం చాలు అని. వాడెలాగూ చదవలేకపోతున్నాడు, ఇద్దరి పేరూ నువ్వే నిలబెట్టాలి అని చుట్టాలు అనేవాళ్లు, అంటే ఎంసెట్‌లో నాకు రెండు ర్యాంకులు రావాలన్నమాట.

ఇక్కడ విద్యాశాఖవాళ్లు కూడా కాస్త వినాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఊరేగింపులు, ధర్నాలు, పేపర్ల రీవెరిఫికేషన్ అన్నీ జరిగాయి, జరగాల్సినవే. ఆ ఇళ్లలో మిగిలిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆ తర్వాత ఏళ్లలో అవే పరీక్షలు రాసి ఉంటారు, అదే వెబ్‌సైట్‌లో హాల్‌టికెట్ నంబర్ కొట్టి ఉంటారు. ఆ పూట వాళ్ల పక్కన ఎవరున్నారు? ఒక ఇంట్లో ఇలాంటి చావు జరిగితే అక్కడ మిగిలిన పిల్లలకే ముందుగా మనిషి అవసరం, పలకరింపు తల్లిదండ్రులతో ఆగిపోకూడదు.

విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలి, మార్కుల్ని బట్టి బ్యాచీలు విడదీయకూడదు, తల్లిదండ్రులకు అవగాహన కల్పించాలి, ఇలా. మన దగ్గర పుట్టిన కేసు కాబట్టి మన రెండు రాష్ట్రాలూ ముందుండి అమలు చేయాల్సిన విషయం. కౌన్సెలర్లని నిజంగానే పెడితే వాళ్లకి ఒక పని చెప్పండి. పిల్లాడు క్లాసులో నిద్రపోతుంటే రాత్రి ఫోన్ చూశావా అని అడిగే ముందు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో, మనసులో బాగోలేదా, నువ్వేమన్నా చూసుకోవాల్సి వస్తోందా అని అడగమనండి. నన్ను మా లెక్కల సార్ క్లాసు బయట నిలబెట్టేవాడు నిద్రపోతున్నానని. ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే అక్కడే అంతా చెప్పేసేదాన్ని.

పెళ్లి సంబంధాల గురించి ఎక్కువ రాయను, రాస్తే పుస్తకమవుతుంది. "తమ్ముడు హైదరాబాద్‌లో చదువుతున్నాడని చెప్పండి చాలు" అని మా పెద్దమ్మ సలహా. వాడు అప్పుడు పక్క గదిలోనే ఉన్నాడు, విన్నాడు. అదంతా వాడి జబ్బు కంటే వాడికి ఎక్కువ గుచ్చుకుంది. ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల ఇళ్లలో ఇంకో భయం ఉంటుంది, అమ్మానాన్నల తర్వాత ఎవరు చూస్తారని. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆ పిల్లలు పెద్దయ్యాక లీగల్ గార్డియన్‌ని నియమించడానికి లోకల్ లెవెల్ కమిటీలున్నాయి, నిరామయ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. ఈ రెండు సంగతులూ ఆ ఇంట్లో ఇరవై ఏళ్ల అక్కకో తమ్ముడికో ఎవరూ చెప్పరు, రేపు గార్డియన్ కావాల్సింది మాత్రం వాళ్లే.

స్టాఫ్ లేరు, ఓపీలో ఒక్కో డాక్టర్‌కి ఎంతమంది వస్తారో తెలుసా అంటారు. తెలుసు, ఆ బెంచీ మీద నేనూ కూర్చున్నాను. నేను డాక్టర్‌నే చూడమనట్లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఉండాలని మీ రూల్సులోనే ఉంది, ఆ పోస్టులు నింపితే ఇది వాళ్లు చేసే పని. పిల్లవాణ్ణి తెచ్చిన మొదటి నెలలోనే ఇంట్లో ఉన్న ఇంకో పిల్లనో పిల్లాడినో ఒకసారి రమ్మని చెప్పి, తల్లిదండ్రులు లేకుండా, ఓ ఇరవై నిమిషాలు. వాడికున్న జబ్బు పేరు ఇది, నీ వల్ల రాలేదు, నువ్వు తిట్టినందుకు రాలేదు, నీకు రావాలని లేదు, వాడు ఇలా అంటే నువ్వు ఇలా చెయ్యి, కొడితే ఫలానావాళ్లకి చెప్పు, నీ చదువు నువ్వు చదువుకో. ఇంతే. సెలవుల్లో రాగలిగేలా ఒక ఆదివారమో రెండో శనివారమో పెట్టండి, మా ఇళ్లలో బడి మానేసి రమ్మంటే కుదరదు.

ఇతర దేశాల్లో ఇది కొత్త సంగతేం కాదు. ఇంగ్లండ్‌లో 2014లో తెచ్చిన చట్టంతో, ఇంట్లో జబ్బుగా ఉన్నవాళ్లని చూసుకునే 18 ఏళ్లలోపు పిల్లలకి ఏం సాయం కావాలో స్థానిక సంస్థ అంచనా వేసి తీరాలి. అమెరికాలో సిబ్‌షాప్స్ అని, వైకల్యమో జబ్బో ఉన్న పిల్లల అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లని ఒకచోట చేర్చి ఆడిస్తూ మాట్లాడించే గ్రూపులు ఎప్పటి నుంచో నడుస్తున్నాయి. ఆటలు, తిండి, కబుర్లు, మధ్యలో అసలు మాట. దీనికి ఎమ్మారై స్కాన్ అక్కర్లేదు, ఒక గది, ఒక క్యారమ్ బోర్డు, కాస్త శిక్షణ ఉన్న ఒక మనిషి చాలు. మా మంచిర్యాలకి 2022లో మెడికల్ కాలేజీ వచ్చింది, తెలంగాణలో చాలా జిల్లాలకీ వచ్చాయి, గదులు లేవనే మాట ఇప్పుడు చెల్లదు.

పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే సర్కారు ఆర్‌బీఎస్‌కే బృందాలు సర్కారు బడులకి ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీలకి రెండుసార్లు వెళ్తాయి కదా, పళ్లు చూస్తారు, కళ్లు చూస్తారు, రక్తం తక్కువుందా చూస్తారు. ఏదైనా పిల్లవాడికి ఆటిజమో మరొకటో ఉందని కనిపెట్టి పై ఆసుపత్రికి రాసినప్పుడు, అదే బడిలో వాడి అక్కో తమ్ముడో ఉంటే ఆ పేరు కూడా టీచర్‌కి చెప్పండి, తల్లిదండ్రుల్ని అడిగే చెప్పండి, రహస్యంగానే ఉంచండి. ఇక 14416, మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన ఫోన్ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్. 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు పడదు. నేను చూసిన పోస్టర్లలో పుస్తకాల ముందు తల పట్టుకున్న విద్యార్థి బొమ్మే ఉంటుంది. ఇంట్లో అన్నకి బాగోలేక ఇబ్బంది పడుతున్న పిల్ల ఆ పోస్టర్ చూసి ఇది నాకు కాదులే, అన్నకి అనుకుంటుంది. "మీ ఇంట్లో ఎవరికైనా బాగోలేదా, నువ్వు కూడా ఈ నంబర్‌కి చెయ్యొచ్చు" అని కింద ఒక లైన్ వేయడానికి బడ్జెట్ కావాలా?

ఇవన్నీ ఒకేసారి కాకపోతే కేస్ షీట్‌తో మొదలుపెట్టండి. తోబుట్టువులు ఎంతమంది అన్నచోట పేరు, వయసు, ఏ క్లాసు, రోగితో ఒకే గదిలో పడుకుంటారా, పెద్దవాళ్లు లేనప్పుడు రోగిని చూసుకుంటున్నారా, దెబ్బలు తింటున్నారా, మీరు ఎప్పుడు మాట్లాడారు. ఫారం మార్చడానికి మీకు అసెంబ్లీ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. అడ్మిషన్ ఫారంలో కూడా, ఇంట్లో మిగిలిన పిల్లలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నారు అన్నది తప్పనిసరి చేయండి.

మంచిర్యాల జిల్లాలో ఆదివారం గ్రూపు పెడతామంటే నేనొస్తాను. నా సొంత ఖర్చులతోనే, కుర్చీలు వేయడం దగ్గర్నుంచి ఏ పనైనా చేస్తాను. మా తమ్ముడు కూడా వస్తానన్నాడు, జబ్బు ఉన్నవాడి వైపు నుంచి ఆ పిల్లలకి చెప్పాల్సింది తన దగ్గరా ఉందట, అక్క దగ్గర మాత్రమే లేదట. ఎవర్ని కలవాలో, ఏ కాగితం ఇవ్వాలో చెప్పండి.

ఇట్లు,
కేస్ షీట్‌లో ఆ "ఒకరు"
మంచిర్యాల